పోలేరయ్య కారు పైకోన ఎక్కిన వైనం

పోలేరయ్య చేతిలో మొదట లక్షా నలభై వేలు ఉందంట. అప్పు సొమ్ము కాదు, ఊళ్లోవాళ్ల ట్రాక్టర్లూ లారీలూ తోలి తోలి కూడేసుకున్న సొమ్ము. ఏం చేస్తావురా అబ్బాయ్ అని వాళ్లమ్మ, మన అంకమ్మత్త, అడిగిందంట. కారు కొంటానమ్మా అన్నాడు. ఆ డబ్బుకి కారెవడిస్తాడురా, మహా అయితే నాలుగు తలుపులూ ఒక హారనూ ఇస్తారు అందంట. ఆమె నోరు అట్టాంటిది, మీకు తెలవంది కాదు. చేతులు ఆడించండమ్మా, కథ వింటా కూడా మిరక్కాయల తొడిమలు తియ్యొచ్చు. ఇదిగో రత్తమ్మ పెద్దమ్మా, నీ కొడుకు రోశయ్య పేరు కూడా వస్తది ఇందులో, కోప్పడమాక, మంచిగానే వస్తది. సరే, వీడు లెక్కల్లో చురుకు అనుకో. కొండమీద పైకోన పల్లె బడికి రోజూ అయిదుగురు టీచర్లు కింద నించి పోతారు. బస్సు ఒకటుంది గాని అది రోజూ సమయానికి రాదు. మన రోశయ్య జీపు ఉంది గాని అందులో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కాబట్టి ఎనిమిది సీట్ల కారు ఒకటి ఉంటే నెలనెలా ఎంతొస్తది, డీజిలు ఎంత తాగుద్ది, టైర్లకి ఎంత పక్కన పెట్టాల, అంతా వేళ్ల మీద వేసుకున్నాడు. వేసుకుని వినుకొండ పోయి, ఒక డాక్టరు గారి దగ్గర పాత టర్బో డీజిల్ కారు తెచ్చాడు. పన్నెండేళ్ల బండి. రంగు పోయింది, సీట్లు చిరిగినయ్యి, కానీ ఇంజను గుండ్రాయి లాగుంది. వచ్చేటప్పుడు కాలు ఆనిస్తే చాలు, వెనకనించి ఎవరో రెండు చేతుల్తో నెట్టినట్టు ఉరికిందంట. వాడు దారిపొడుగునా నవ్వుకుంటానే వచ్చాడంట.

ఇంటికి తెచ్చాక అంకమ్మ ఊరుకుంటదా? హారతిచ్చింది. గుమ్మడికాయ కొట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అదంతా అందరూ చేసేదే. ఆ పైన ఏం చేసిందంటే, నల్లతాడు ఒకటి పేనింది. దానికి ఒక నల్లజీడి గింజ, ఒక గవ్వ గుచ్చింది. మన ఇళ్లల్లో దిష్టితాడు కనపడేటట్టు కట్టరు గదా, కనపడితే దిష్టిపెట్టేవాళ్లు దాన్ని కూడా చూస్తారని. అందుకని కొడుకు స్నానానికి పోయినప్పుడు బానెట్ ఎత్తించి, లోపల చెయ్యి పెట్టి, దేనికో ఒకదానికి కట్టేసింది. బానెట్ ఎవరు ఎత్తారంటే, నేనే ఎత్తా. పెద్దమనిషి అడిగితే ఎత్తనా? ఎక్కడ కట్టిందో నేను చూడలా, ఎండకి మొహం అటు తిప్పుకోనున్నా. ముడి మాత్రం పళ్లతో లాగి బిగించటం చూశా. గట్టిగా కడితేనే పని చేస్తదంట.

ఇక సోమవారం వచ్చింది. టీచర్లు అయిదుగురూ ఎక్కారు. ముందు సీట్లో పెద్ద టీచరు దీనమ్మ మేడమ్. ఆమె కారు ఎక్కుతానే చెప్పిందంట, బాబూ పోలేరయ్యా, తొమ్మిదింటికల్లా నేను బడి గేటు లోపల నిలబడి హాజరు కోసం ఫోనుకి మొహం చూపియ్యాల. నిమిషం దాటినా ఆలస్యం పడుద్ది. రోశయ్య జీపులో ఒక్క రోజు ఆలస్యం పడలా, కానీ నా మోకాళ్లు పడినయ్యి. నువ్వు సమయానికి తీసకపో, నెలంతా మేం నీ బండే ఎక్కుతాం అందంట. దానికేముంది మేడమ్, తొమ్మిదింటికి మీరు ఆడ తల దువ్వుకుంటా ఉంటారు అన్నాడంట వీడు. కింద రోడ్డు మీద కాస్త బద్ధకంగానే పోయింది గాని పోయింది. కొండ మొదలైంది. మొదటి మలుపు. గేరు దించాడు, కాలు పెట్టాడు, ఎదురుచూశాడు. ఇంజను మూలిగింది గాని బండి అందుకోలా. నెట్టే చేతులు లేవు. రెండో మలుపు. గేరు దించాడు, కాలు పెట్టాడు, ఎదురుచూశాడు. వెనకనించి బస్సు వచ్చి, కూత పెట్టి, దాటుకుని పోయింది. బస్సులో వాళ్లు చేతులూపారంట. టీచర్లు బడికి పోయేతలికి గేటు దగ్గర పిల్లకాయలు పాట కూడా పాడేసి లోపలికి పోయారు. దీనమ్మ మేడమ్ కోప్పడలా. అదే వీడికి ఎక్కువ బాధ అయ్యింది. ఇరవై ఏళ్ల పైన ఉద్యోగం చేశా బాబూ, నాకు ఆలస్యం అనేది ఇదే మొదలు. ఈ వారం జీపులో పోతాం. వచ్చే సోమవారం ఒక్కసారి మళ్లీ నీది ఎక్కుతాం. ఆ రోజు కూడా ఇట్టనే ఉంటే నన్ను మళ్లీ అడగమాక అందంట.

అంటే వీడి చేతిలో ఆ వారం ఉంది. ఆ వారంలో బండి బాగుపడకపోతే టీచర్లు పోతారు. టీచర్లు పోతే ఇంకెవరూ రోజూ ఎక్కేవాళ్లు లేరు. మళ్లీ ఊళ్లోవాళ్ల లారీలే.

వీడు బెంబేలు పడే రకం కాదు. ముందు గాలి వడపోసే ఫిల్టరు తీశాడు. తీస్తే ఏముంది, మన మిరక్కాయల ధూళి అంతా దాంట్లోనే ఉంది. తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దొరికిందిరా రోగం అని కొత్తది వేసి, ఖాళీ బండి వేసుకుని కొండెక్కాడు. గేరు దించాడు, కాలు పెట్టాడు, ఎదురుచూశాడు. ఈసారి ఏమైందంటే, రోశయ్య జీపు దాటుకుని పోయింది. అదీ పదిమందితో. దాటేటప్పుడు రోశయ్య తల బయటపెట్టి, ఏం అల్లుడూ, తాడు వెయ్యమంటావా, లాగుతా అన్నాడంట. నవ్వమాక పెద్దమ్మా, నీ కొడుకే గదా అన్నది. వీడు ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. అంకమ్మ చూసింది. టీచర్ల కళ్లు పడినయ్యిరా, అయిదుగురు, పది కళ్లు అందంట. ఇంకో తాడు పేనింది. ఇంకో గింజ, ఇంకో గవ్వ. వాడికి తెలవకుండా, మొన్న కట్టినచోటే, ఇంకాస్త గట్టిగా కట్టింది.

తర్వాత రోజు డీజిలు ఫిల్టరు సంగతి చూశాడు. కింద మర తిప్పితే నీళ్లు కారినయ్యి. ఆహా, డీజిల్లో నీళ్లు, ఇదేరా అసలు రోగం అన్నాడు. నీళ్లు వంచి, ఫిల్టరు మార్చి, కొండెక్కాడు. గేరు దించాడు, కాలు పెట్టాడు, ఎదురుచూశాడు. ఈసారి పాల కేన్లు వేసుకున్న మోపెడ్ వాడు దాటిపోయాడు. వాడు దాటటమే కాదు, పక్కనే కాసేపు పోతా మాట్లాడాడంట. ఏం అన్నా, బండి కొత్తదా, అలవాటు పడేదాకా మెల్లగా తోలుతున్నావా అని. వీడు ఆఁ అన్నాడు. ఇంటికొచ్చాడు. అంకమ్మ మూడో తాడు పేనింది. పాలవాడి కళ్లు మంచియ్యి కావు, వాడు చూసిన గేదె వట్టిపోయింది అందంట.

శనివారం గాలి గొట్టాల క్లిప్పులన్నీ బిగించి మళ్లీ ఎక్కాడు. ఈసారి ఎవరు దాటారనుకున్నారు? గొర్రెలు. మన ఎల్లమంద గొర్రెలు. గొర్రెలు రోడ్డెంబడి పోవు గదా, మలుపుకీ మలుపుకీ మధ్య అడ్డదారిన కొండకి ఎదురెక్కుతయ్యి. వీడు మలుపు తిరిగేతలికి ఎల్లమంద పైమలుపు దగ్గర కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడంట. వచ్చావా పోలేరయ్యా అన్నాడు. వచ్చాను బాబాయ్ అన్నాడు వీడు. ఇంకో మలుపు. ఆడా ఎల్లమందే. వచ్చావా పోలేరయ్యా. వచ్చాను బాబాయ్. మూడో మలుపులో ఎల్లమంద, కూర్చుని బీడీ అంటిస్తా, నీకు తొందర లేకపోతే నా చద్దిమూట ఆ కార్లో పెడతా, పైన ఇద్దువుగాని అన్నాడంట. నిజంగానే పెట్టాడు. వీడు పైకి తీసుకుపోయేసరికి ఎల్లమంద చేతులు కడుక్కుని ఎదురుచూస్తన్నాడంట.

అక్కడ కూర్చున్నాడు పోలేరయ్య. బండిలోనే, స్టీరింగు మీద తల పెట్టి. కాసేపటికి తల ఎత్తాడు. ఎత్తి లెక్క వేశాడు. సోమవారం బస్సు దాటింది. ఆ తర్వాత జీపు. ఆ తర్వాత మోపెడ్. ఇయ్యాల గొర్రెలు. అంటే నేను ఒక్కొక్కటి బాగుచేసేకొద్దీ బండి ఇంకా నెమ్మదిస్తంది. రిపేరు కుదిరితే బాగుపడాల. కుదరకపోతే ఉన్నట్టే ఉండాల. చెడిపోవటం ఏంది? అంటే నేను చేతులు పెట్టే చోట గాక ఇంకోచోట ఏదో రోజురోజుకీ బిగుసుకుంటంది. చూడండి, ఆ మాట వాడి నోట ఊరికే వచ్చింది, బిగుసుకుంటంది అని. అప్పటికి వాడికి తాడు సంగతి తెలవదు.

ఆదివారం పొద్దున్నే ఖాజావలి అన్నని ఇంటికి పిలిచాడు. ఖాజావలి మెకానిక్కు తెలుసుగా, మాట నిదానం, చెయ్యి నిదానం, టీ మాత్రం జోరు. అంతా విని, తమ్ముడూ, టర్బో పోయుంటది, కొత్తది వెయ్యాలంటే బండి కొన్న డబ్బులో సగం అన్నాడంట. అన్నా, ముందు పోయిందో లేదో చూసి చెప్పు అన్నాడు వీడు. చూద్దాం అని మొదలుపెట్టాడు ఖాజావలి. చేస్తా చేస్తా చెప్పాడంట, ఇంజను పొయ్యి అనుకో, టర్బో ఊదుగొట్టం అనుకో. పొయ్యిలో డీజిలు పుల్లలు ఎన్ని పెట్టినా ఊదేవాడు లేకపోతే మంట లెగవదు. ముందు ఊదిన గాలి దారిలో బయటకి పోతందేమో చూద్దాం. సబ్బునీళ్లు కలిపి గొట్టాలన్నిటికీ పూశారు. బండి స్టార్ట్ చేసి పోలేరయ్య కాలు తొక్కి పట్టాడు. ఒక్క బుడగ రాలా. అయితే గాలి పోవట్లా. తర్వాత గొట్టం ఊడదీసి, లోపల టర్బో చక్రాన్ని వేలితో తిప్పారు. నున్నగా తిరిగింది. ఆడట్లా, రాసుకోవట్లా, నూనె కారట్లా. ఖాజావలి వేలు తుడుచుకుంటా, నేనన్నది తప్పు తమ్ముడూ, ఇది నీకంటే నాకంటే ఆరోగ్యంగా ఉంది అన్నాడంట.

అప్పుడు పోలేరయ్య ఏమన్నాడంటే, అన్నా, ఊదేవాడు బాగున్నాడు, ఊదుగొట్టం బాగుంది. మరి ఊదరా అని వాడికి చెప్పేదెవరు? ఖాజావలి టీ గ్లాసు కింద పెట్టాడంట. మంచి మాట అడిగావు, ఇదిగో ఈ చిన్న కడ్డీ. ఇంజను నడిచేటప్పుడు ఈ సన్న రబ్బరు గొట్టంలోంచి గాలి లాగుద్ది. ఆ లాగుడికి కడ్డీ కదులుద్ది. కడ్డీ కదిలితే టర్బో గట్టిగా ఊదుద్ది. స్టార్ట్ చెయ్యి చూద్దాం అన్నాడు. స్టార్ట్ చేశారు. కడ్డీ కదల్లా. పోలేరయ్య ఆ రబ్బరు గొట్టం కొసని కడ్డీ దగ్గర తగిలించే ఉంచి, రెండో కొస ఊడదీసి నోట్లో పెట్టుకుని తాటిముంజ పీల్చినట్టు పీల్చాడంట. కడ్డీ టక్కున లేచింది. వదిలాడు, పడింది. పీల్చాడు, లేచింది. అన్నా, నా ఊపిరికి లేస్తంది, ఇంజను ఊపిరికి లెగవట్లా. అంటే ఇంజను ఊపిరి దారిలోనే ఎక్కడో ఆగిపోతంది అన్నాడు. ఇక ఊడదీసినచోట నించి ఇంజను వైపు పోయే రెండో ముక్క గొట్టం వెంబడి వేళ్లు పెట్టుకుంటా వెనక్కి పోయాడు. సందుల్లో కళ్లకి కనపడదు, వేళ్లే పోవాల. జానెడు పోయాడు, మెత్తగానే ఉంది. ఇంకో జానెడు పోయాడు. వేలికి గవ్వ తగిలింది.

గవ్వేందిరా ఇంజన్లో అన్నాడంట ఖాజావలి. గింజ కూడా ఉందన్నా అన్నాడు వీడు. ఇంకా తడిమాడు. ఇంకో గవ్వ. ఇంకో గింజ. మూడు నల్లతాళ్లు ఒకదాని మీద ఒకటి, ఆ మెత్తటి రబ్బరు గొట్టం మీదే. గొట్టం నడుము సన్నబడి పోయింది. ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. అప్పుడే అంకమ్మ రెండో విడత టీ పట్టుకుని బయటకొచ్చింది. వచ్చి, కొడుకు చెయ్యి ఎక్కడుందో చూసి, అబ్బాయ్, దాన్ని ముట్టుకోమాక అందంట.

అమ్మా, నువ్వు కట్టావా?

నేను గాక ఎవరు కడతారు, పక్కింటోళ్లు కడతారా?

దీనికే ఎందుకు కట్టావమ్మా?

మిగతాయన్నీ లావుగా ఉన్నయ్యి, తాడు చాల్లా. ఇదొక్కటే చేతికి ఇమిడింది.

అమ్మా, బండి కొండెక్కకపోవటానికి ఇదే కారణం, కత్తెర ఇవ్వు అన్నాడు వీడు. అంకమ్మ టీ గ్లాసులు గట్టు మీద పెట్టి బానెట్‌కి అడ్డంగా నిలబడిందంట. దిష్టితాడు కత్తిరిస్తారంట్రా, నీ ఒంటికి తగులుద్ది, నేనుండగా కత్తిరించనియ్యను. రేపు సోమవారమమ్మా, టీచర్లు పోతారమ్మా. పోతే పోనీ, నువ్వుంటే చాలు. ఇట్టా కాసేపు జరిగింది. ఖాజావలి పెద్దమనిషి మధ్యలోకి రాలా, టీ తాగుతా ఉన్నాడు. చివరికి పోలేరయ్య ఏం చేశాడంటే, పెరట్లో దూడ తొట్టిలోకి నీళ్ల పైపు పెట్టి ఉంది, పోయి దాని మీద కాలేసి నిలబడ్డాడు. తొట్టిలో నీళ్లు ఆగిపోయినయ్యి. దూడ తల ఎత్తి చూసింది. కాలు తియ్యరా, దూడ తాగుతంటే అందంట అంకమ్మ. నేను పైపు కోశానా అమ్మా, చిల్లు పెట్టానా, ఊరికే నిలబడ్డా గదా అన్నాడు వీడు. కాలు తీశాడు, నీళ్లొచ్చినయ్యి. అంకమ్మ దూడ వైపు చూసింది, బానెట్ వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకి చెక్కుకుని, జరుగు అందంట. కత్తెర అక్కర్లా, కట్టిన చెయ్యే విప్పాల, అప్పుడు దోషం లేదు.

వంగి, ముడులు ఒక్కొక్కటే గోళ్లతో లాగి, రానిచోట పిన్నీసుతో పొడిచి విప్పింది. మొదటి తాడు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది, అంటే అడుగునున్నది, ఎంతకీ రాలేదంట. ఎవరు కట్టారో గాని భలే బిగించారు అని ఆమే అన్నదంట, నిజంగానే అన్నది. అది కూడా వచ్చాక చూస్తే గొట్టం అక్కడ నొక్కుకుపోయి మళ్లీ గుండ్రం కాలేదు. ఖాజావలి ఆ ముక్క కోసేసి కొత్త గొట్టం తగిలించాడు. స్టార్ట్ చేశారు. కడ్డీ మిడత ఎగిరినట్టు ఎగిరింది. కాలు ఆనిస్తే ఇంజను గొంతే మారిపోయింది. పోలేరయ్య పట్టలేక గట్టిగా నవ్వాడంట. అప్పుడు అంకమ్మ, ఆ తాళ్లు మూడూ చేతిలో పట్టుకుని, కొడుకుని గాదు, ఖాజావలిని చూసి అన్నదంట, చూశావా నాయనా, జానెడు తాడు ఇంత పెద్ద బండిని ఆపింది. నా తాట్లో పస లేదని ఇక ఎవడన్నా అంటే చెప్తా. ఖాజావలి తల ఊపి, లేదమ్మా, నీ తాడుకి మించింది లేదు అన్నాడు. ఆ తాళ్లు తీసుకుపోయి బానెట్ కింద లావాటి ఇనప కమ్మీకి ఆమే కట్టింది. అంతే గట్టిగా.

సోమవారం ఏం జరిగిందో పైకోన అంతా చెప్పుకుంటంది, అయినా చెప్తా. మొదటి మలుపు. గేరు దించాడు, కాలు పెట్టాడు, ఎదురుచూసే పనే లేదు. నెట్టే చేతులు వెనక్కొచ్చినయ్యి. ఎల్లమంద గొర్రెల్ని అడ్డదారిన ఎక్కిస్తా మూడో మలుపుకి వచ్చేతలికి వీడు నాలుగోది దాటిపోయాడు. పాలవాణ్ణి దాటాడు. రోశయ్య జీపుని దాటాడు. పెద్దమ్మా, తొడిమతో పాటు కాయ కూడా తుంచుతున్నావు, చూసుకో. చివరికి బస్సుని దాటాడు. బస్సులో వాళ్లు ఈసారి చేతులు ఊపలేదంట. బడి గేటు దగ్గర దీనమ్మ మేడమ్ దిగి, గడియారం చూసుకుని, సంచిలోంచి దువ్వెన తీసి, నిదానంగా తల దువ్వుకుని, అప్పుడు ఫోనుకి మొహం చూపించిందంట. చూపించి, సాయంత్రం నాలుగుంపావుకి రా బాబూ, రేపు పొద్దున కూడా రా అంది. అంతే అంది. వీడికి అది చాలు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? వాడు ఊరుకుంటాడా, లెక్కల మనిషి. సాయంత్రం ఖాజావలి షెడ్డుకి పోతే అక్కడ రెండు పాత కార్లు టర్బో పోయిందని పక్కన పెట్టి ఉన్నయ్యంట. దారిలో రోశయ్య ఆపి, అల్లుడూ, నా జీపు కూడా ఉగాది కాడ్నించి మూలుగుతంది, ఏం చేశావో చెప్పకూడదా అన్నాడంట. పోలేరయ్య లెక్క వేశాడు. ఈ చుట్టుపక్కల అమ్మలు లేని బండి లేదు. తాడు పేనని అమ్మ లేదు. అయితే ఒక చిక్కుంది. కట్టిన చెయ్యే విప్పాల. పరాయి ఇంటికి పోయి, మీ అమ్మ తాడు విప్పించండి అని మగపిల్లాడు అడిగితే ఏ అమ్మ ఒప్పుకుంటది? ఇంకో అమ్మే చెప్పాల. అందుకని అంకమ్మత్తని అడిగాడంట, నాతో వస్తావా అమ్మా అని. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుని ఉందంట.

అందుకే చెప్తన్నా, ఎవరన్నా తాడు కడితే కట్టుకోండి, నేనొద్దనను, ఇనుముకి కట్టండి. ఏం రత్తమ్మ పెద్దమ్మా, అప్పుడే లేస్తన్నావు? గంపలో సగం కూడా కాలేదుగా. కూర్చో. ఇప్పుడు పరిగెత్తి పోయినా లాభం లేదు, అటు చూడు, మీ ఇంటి ముందు ఆగిన బండి ఎవరిదో. అంకమ్మత్త ముందు సీట్లోంచి దిగింది. చేతిలో కొత్త తాడు కూడా ఉంది. పోలేరయ్య మీ రోశయ్య జీపు బానెట్ మీద చెయ్యేసి, నిన్ను పిలుస్తన్నాడు.